ఈ తప్పును ఎవరి పద్దులో రాయాలి?

ఆమదాలవలస దాటాక వచ్చే ఒక ఊరిలో కొన్నేళ్ల కిందట, సంఘ పెద్దగా అందరి మన్ననా పొందిన ఒకాయన ఇరవై మందిని కూడగట్టి చీటీ నడిపేవారు. ఆదివారం ఆరాధనలో దీర్ఘ ప్రార్థన ఆయనదే, కానుకల లెక్క చూసేదీ ఆయనే, ఎవరింట్లో పెళ్లి మాటలు జరిగినా ముందు కూర్చునేదీ ఆయనే. అందువల్లనే కాగితమూ హామీ ఏదీ అడగకుండా జనం ఆయన చేతిలో డబ్బు పోశారు. మొదటి నెలల్లో పాట పాడి చీటీ ఎత్తుకున్నవారికి ఏ నష్టమూ కలగలేదు. ఆఖరి దాకా ఎత్తకుండా ఉంటే మొత్తం సొమ్ము ఒక్కసారి చేతికి వస్తుందని ఓపిక పట్టినవారు ముగ్గురు, ముగ్గురూ వితంతువులే. పద్దెనిమిదో నెలలో ఆయన ఒక రాత్రి కుటుంబంతో సహా ఊరు విడిచి వెళ్లిపోయారు.

ఆ ముగ్గురిలో ఒకామె కొడుకు నా దగ్గర పదో తరగతి చదువుకున్నవాడు. ఇప్పుడు పైడిభీమవరం వైపు ఒక మందుల కంపెనీలో పని చేస్తున్నాడు. మందిరానికి రావడం మానేశాడని వాళ్లమ్మ చెబితే ఒకసారి మాట్లాడాను. “మాస్టారూ, ఆయన ప్రార్థన చేస్తుంటే మా అమ్మ కళ్లనీళ్లు పెట్టుకునేది. ఆయన అబద్ధమని తేలిపోయింది కదా, మరి ఆ ప్రార్థనలో ఉన్న దేవుడు ఎలా నిజమవుతాడు?” అని అడిగాడు. నాకు వెంటనే సమాధానం తోచలేదు. తోచిన రెండు సమాధానాలూ అంతకు ముందే ఎవరో అతనికి చెప్పి ఉన్నారు, అవి అతనికి పనికిరాలేదు.

మొదటిది, “మనిషిని చూడకు, దేవుణ్ణి చూడు” అనే మాట. ఇది వినడానికి భక్తిగానే ఉంటుంది కాని, నష్టపోయినవాడితో అన్నప్పుడు నోరు మూసుకోమని చెప్పినట్టే ఉంటుంది. పైగా దేవుణ్ణి ఎవరూ కళ్లతో చూడరు, చూసేది మనుషులనే. రెండవది, “ఆయన అసలు నిజమైన విశ్వాసే కాడు” అనేది. ఈ మాటతో సమస్య తీరినట్టు కనిపిస్తుంది, కాని ఇది లెక్క కుదరనప్పుడు అంకెను చెరిపేయడం వంటిది. తప్పు చేసిన ప్రతివాణ్ణీ జాబితాలోంచి తీసేస్తూ పోతే మిగిలినవారంతా మంచివారే అవుతారు; అటువంటి జాబితా దేనినీ రుజువు చేయదు. దానికి తోడు, యేసును ఎరుగనని మూడుసార్లు బొంకిన ఆయన శిష్యుడు పేతురును ఏ సంఘమూ జాబితాలోంచి తీసివేయలేదు.

కాబట్టి ప్రశ్నను విడదీసి చూడాలి. “క్రైస్తవ విశ్వాసం” అనే ఒక్క మాట కింద మనం చాలా వేర్వేరు సంగతులను కట్టగట్టి పెడతాము. యేసు అనే వ్యక్తి గురించి, ఆయన మరణ పునరుత్థానాల గురించి చెప్పే మాట ఒకటి. మనిషి ఎలా బతకాలో చెప్పే బోధ మరొకటి. నమ్మినవారి జీవితం మారుతుందన్న వాగ్దానం ఇంకొకటి. ఇవిగాక, “దేవుడు నాతో మాట్లాడాడు, నా ద్వారా ఈ కార్యం చేశాడు” అని ఒక ఫలానా మనిషి తన గురించి తాను చెప్పుకొనే మాట వేరే ఉంది. చీటీ సొమ్ముతో పారిపోయిన పెద్దాయన తప్పు వీటిలో దేనికి తగులుతుంది, దేనికి తగలదు అన్నది తేల్చుకోకుండా మొత్తాన్ని ఒప్పుకోవడం గాని, మొత్తాన్ని కొట్టివేయడం గాని సరైన పని కాదు.

మొదటి సంగతి విషయంలో గ్రీసులోని కొరింథు పట్టణపు తొలి క్రైస్తవ సంఘం కంటే మంచి ఉదాహరణ నాకు కనబడదు. క్రీస్తు శకం 50వ దశకం మధ్యలో అపొస్తలుడైన పౌలు ఆ సంఘానికి రాసిన ఉత్తరం చదివితే, మన ఊళ్ల సంఘాల గురించి మనం సిగ్గుపడే విషయాలన్నీ అందులో ఉన్నాయి. నేను ఫలానావాడి మనిషినంటే నేను ఫలానావాడి మనిషినని వర్గాలు కట్టారు. ఒకడు తన తండ్రి భార్యతో కాపురం చేస్తుంటే సంఘం దుఃఖపడకపోగా ఉప్పొంగిపోయింది. సహోదరుల మీద సహోదరులు న్యాయస్థానాలకెక్కారు. మిషన్ వారు విడిచివెళ్లిన స్థలాల కోసం ఏళ్ల తరబడి కోర్టు వాయిదాలకు తిరిగే మన పెద్దలు ఆ ఉత్తరం ఆరో అధ్యాయం ఎలా చదువుతారో నాకు ఎప్పుడూ అర్థం కాదు. ప్రభువు భోజనానికి కూడినప్పుడు ఉన్నవాళ్లు ముందే తిని మత్తులో ఉంటే, లేనివాళ్లు ఆకలితో నిలబడ్డారు. శిష్యుడైన యూదా యేసును పట్టించిన రాత్రి మొదలైన ఆ భోజనం పాతికేళ్లు తిరగకుండానే ఆ స్థితికి వచ్చింది.

గమనించవలసింది ఏమిటంటే, విశ్వాసం దేని మీద నిలబడి ఉందో కొత్త నిబంధన అంతటిలో అత్యంత స్పష్టంగా చెప్పిన మాట ఇదే ఉత్తరం పదిహేనో అధ్యాయంలో ఉంది. క్రీస్తు లేపబడకపోతే మా ప్రకటన వ్యర్థం, మీ విశ్వాసమూ వ్యర్థం అని పౌలు అక్కడ తేల్చి చెప్పాడు. దానికి కాస్త ముందే, పునరుత్థానుడైన యేసును చూసినవారి గురించి చెబుతూ వారిలో చాలామంది ఇంకా బతికే ఉన్నారని కూడా రాశాడు. అంటే వెళ్లి అడగవచ్చునని అర్థం. “మీరు సరిగా ప్రవర్తించకపోతే మన విశ్వాసం అబద్ధమవుతుంది” అని ఆయన ఎక్కడా అనలేదు. అటువంటి మనుషుల ప్రవర్తన మీద సువార్తను నిలబెట్టి ఉంటే అది ఆ ఉత్తరం రాసే నాటికే కూలిపోయి ఉండేది. పునరుత్థానం జరిగిందా లేదా అన్నది వాదించదగిన ప్రశ్న. జరగలేదనేవారికి వారి కారణాలు వారికి ఉన్నాయి, వాటికి జవాబు చెప్పవలసిన బాధ్యత నమ్మేవారికి ఉంది. అయితే ఆ కారణాల్లో మా ఊరి చీటీ చేరదు. యెరూషలేములో ఒక ఆదివారం తెల్లవారుజామున సమాధి ఖాళీగా ఉన్నదా లేదా అన్న విషయాన్ని నాగావళి ఒడ్డున ఒక మనిషి చేసిన మోసం అటూ ఇటూ మార్చలేదు.

ఇక బోధ సంగతి. తప్పు చేసినవాడి చేత పలకబడినంత మాత్రాన మంచి మాట చెడ్డదైపోదన్నది విజయనగరం జిల్లావారికి వేరే చెప్పనక్కర లేదు. 1892లో విజయనగరంలో మొదటిసారి ప్రదర్శించిన కన్యాశుల్కం నాటకంలో వితంతు వివాహం గురించి అందరికంటే ధాటిగా ఉపన్యసించేవాడు గిరీశమే. అతనికి ఆ ఉపన్యాసం బుచ్చమ్మను లేవదీసుకుపోవడానికి ఒక పనిముట్టు. గురజాడ ఆ మోసాన్ని ఎంతగా బయటపెట్టినా, నాటకం చూసినవారెవరూ “కాబట్టి వితంతువులకు పెళ్లిళ్లు చేయకూడదు” అనుకొని ఇంటికి వెళ్లలేదు. పైగా గిరీశం దొంగతనం మనకు అంత స్పష్టంగా కనిపించడానికి కారణం, అతను పలికే ఆదర్శం నిజంగా విలువైనది కావడమే. విలువ లేని నాణేనికి ఎవరూ నకిలీ చేయరు. మత్తయి సువార్త ఇరవై మూడో అధ్యాయంలో యేసు శాస్త్రుల గురించి, పరిసయ్యుల గురించి చెప్పిందీ ఇదే: వారు మోషే పీఠం మీద కూర్చున్నారు గనుక వారు చెప్పింది చేయండి, వారు చేసేది మాత్రం చేయకండి. ఆ తరువాత ఆ అధ్యాయమంతా వారి వేషధారణ మీద విరుచుకుపడటమే. బోధను నిలబెట్టి బోధకుణ్ణి ఎండగట్టడమన్నది బయటివారు కనిపెట్టిన ఆయుధం కాదు.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది, దానిని దాటవేయడం నిజాయితీ కాదు. మన తర్కశాస్త్రంలో, న్యాయ సూత్రాల్లో, శబ్దాన్ని ప్రమాణంగా ఒప్పుకుంటూనే అది “ఆప్తోపదేశం” అయి ఉండాలని నియమం పెట్టారు. అంటే విషయం తెలిసినవాడు, ఉన్నది ఉన్నట్టు చెప్పాలనే బుద్ధి కలవాడు చెప్పిన మాటే ప్రమాణం. దీని ప్రకారం చెప్పేవాడి గుణం కొన్నిచోట్ల తప్పకుండా లెక్కలోకి వస్తుంది. ఒక మాటకు వేరే ఆధారం ఏదీ లేక, చెప్పేవాడి నోరు ఒక్కటే ఆధారమైనప్పుడు, ఆ నోరు అబద్ధాలాడుతుందని తేలితే ఆ మాట కూడా పోయినట్టే. “రెండు రెళ్లు నాలుగు” అని దొంగ చెప్పినా నాలుగే. “నిన్న రాత్రి దేవదూత నాకు కనబడి, మీరంతా ఈ స్థలానికి తలా పది వేలు ఇవ్వాలని చెప్పాడు” అని దొంగ చెబితే, అక్కడ దేవదూత కూడా దొంగ సొత్తే.

మన సంఘాలు ఈ తేడాను మరచిపోయాయన్నది నా ఫిర్యాదు. శ్రీకాకుళం నుంచి విజయనగరం దాకా రోడ్డు మీద వెళ్తూ స్వస్థత సభల ఫ్లెక్సీలు చూడండి. బోధించేవారి బొమ్మ నిలువెత్తున ఉంటుంది, వాక్యం అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆరాధనలో వాక్యోపదేశం కంటే సాక్ష్యాలకు ఎక్కువ సమయం పోతుంది. ఫలానా దైవజనుడు ప్రార్థించిన నూనె రాసుకున్నాక ఫలానా జబ్బు పోయిందని చెప్పిన సాక్ష్యమే రేపటి కరపత్రం అవుతుంది. ఇలా ఇరవై ఏళ్లు విశ్వాసాన్ని ఒక మనిషి భుజాల మీద మోయించి, ఆ మనిషి పడిపోయిన రోజున “విశ్వాసం మనుషుల మీద ఆధారపడదు” అని చెబితే యువకులు నమ్మకపోవడంలో వింత ఏముంది? ముడి వేసింది మనమే. ఆ కుర్రవాడికి దేవుడూ పెద్దాయనా ఒకటేనని చెప్పినవాళ్లం మనమే. కాకపోతే మాటల్లో చెప్పలేదు, ఆదివారం ఆదివారం చేతల్లో చెప్పాము.

రవి జకరియాస్ విషయం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 1946లో చెన్నైలో పుట్టి, ఉత్తర అమెరికాలో స్థిరపడి, క్రైస్తవ విశ్వాసం హేతుబద్ధమైనదని ప్రపంచమంతా తిరిగి వాదించిన ఆయన 2020 మేలో మరణించారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో, ఆయన ఏళ్ల తరబడి మహిళలను లైంగికంగా వేధించారన్న ఆరోపణలు నిజమేనని ఆయన స్థాపించిన సంస్థే నియమించిన విచారణ తేల్చింది. అదే సంస్థ 2017లో మొదటి ఆరోపణ బయటికి వచ్చినప్పుడు ఆయన పక్షానే నిలబడింది. ఆయన ప్రసంగాలు విని నమ్మినవారు మన తెలుగువారిలోనూ ఎందరో ఉన్నారు. వారి పరిస్థితి ఏమిటి? ఆయన చేసిన వాదనలు బలమైనవైతే ఇప్పటికీ అంతే బలమైనవి, బలహీనమైనవైతే ఆయన ఉన్నతంగా కనిపించిన రోజుల్లో కూడా బలహీనమైనవే. “నేనిలా జీవిస్తున్నాను” అని ఆయన తన గురించి చెప్పుకొన్నది మాత్రం పూర్తిగా పోయింది, పోవలసిందే. ఆ సంస్థ చేసిన తప్పు అంతకంటే లోతైనది, ఎందుకంటే అది క్షణికమైన బలహీనత కాదు, నాలుగేళ్ల పాటు కూర్చొని తీసుకున్న నిర్ణయం. వ్యక్తి పడిపోవడం ఒకటి, పడినవాణ్ణి కాపాడేందుకు బాధితుల నోరు నొక్కడం మరొకటి. ఈ రెంటినీ “మానవ బలహీనత” అనే ఒకే గంపలో వేయడాన్ని నేను ఒప్పుకోను.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన చోటికి వచ్చాము. నమ్మినవారి జీవితం మారుతుందని క్రైస్తవ విశ్వాసం వాగ్దానం చేస్తుంది. చెట్టును దాని ఫలాన్ని బట్టి తెలుసుకుంటారని యేసే అన్నాడు. మీరు ఒకరి పట్ల ఒకరు ప్రేమగలవారైతే దానిని బట్టి మీరు నా శిష్యులని అందరూ తెలుసుకుంటారని యోహాను సువార్త పదమూడో అధ్యాయంలో ఉంది. అంటే బయటివారు మన బతుకును చూసి తీర్పు చెప్పే హక్కును ఆయనే స్వయంగా వారి చేతికిచ్చాడు. యూదుల ప్రవర్తన వల్లనే దేవుని నామం అన్యజనుల (యూదులు కానివారి) మధ్య దూషణ పాలవుతున్నదని పౌలు రోమీయులకు రాసినప్పుడు, దూషించిన అన్యజనులను ఆయన తప్పు పట్టలేదు. దూషణకు కారణమైనవారినే తప్పు పట్టాడు. అందువల్ల విశ్వాసుల వైఫల్యం విశ్వాసానికి ఏమాత్రం తగలదని వాదించేవారు సువార్తల కంటే ఎక్కువ ధైర్యం చేస్తున్నారు. తగులుతుంది. ఎంత తగులుతుందన్నదే ప్రశ్న.

దీనికి సాధారణంగా చెప్పే పోలిక ఆసుపత్రి. సంఘం ఆరోగ్యవంతుల సభ కాదు, రోగుల ఆసుపత్రి. అక్కడ రోగులు ఉన్నారని వైద్యాన్ని నిందిస్తామా అంటారు. ఆరోగ్యవంతులకు వైద్యుడు అక్కర లేదన్న యేసు మాటే దీనికి మూలం కాబట్టి పోలిక తప్పేమీ కాదు. కాని రిమ్స్‌కు తీసుకెళ్లిన మనిషి పదేళ్లయినా మంచం దిగకపోతే బంధువులు వైద్యం గురించి అడుగుతారు, అడగాలి కూడా. ఆ పోలిక సంఘంలో రోగులు ఎందుకున్నారో చెబుతుంది, ముప్పై ఏళ్ల విశ్వాసి వితంతువుల సొమ్ము ఎందుకు తిన్నాడో చెప్పదు.

నాకు ఇంకొంచెం నమ్మకంగా తోచే సమాధానం ఇది. నీతిమంతుడిగా తీర్చబడటం, పరిశుద్ధపరచబడటం రెండూ వేర్వేరని ప్రొటెస్టంట్ బోధ పదహారో శతాబ్దపు మత సంస్కరణ కాలం నుంచీ చెబుతూ వచ్చింది. మొదటిది కృప వల్ల ఒక్కసారి జరిగేది, రెండవది జీవితాంతం నడిచేది; అందులో వెనకడుగులు, ఏళ్ల తరబడి గుడ్డితనం కూడా ఉండవచ్చు. ఇంగ్లండుకు చెందిన జాన్ న్యూటన్ 1748లో సముద్రంలో తుపానుకు చిక్కి దేవుని వైపు తిరిగాడు. తిరిగిన తరువాత కూడా బానిసలను మోసుకుపోయే ఓడలకు కెప్టెన్‌గా పని చేశాడు. 1754లో జబ్బు చేసి సముద్రయానం మానాడే తప్ప మనస్సాక్షి బాధించి కాదు. తాను చేసిన వ్యాపారం ఎంత ఘోరమో ఒప్పుకొని, దానిని మాన్పించాలని బహిరంగంగా రాసింది 1788లో. నలభై ఏళ్లు పట్టింది. 1750లో అతని ఓడ అడుగున గొలుసులతో పడి ఉన్న మనిషిని అడిగితే, ఈ కెప్టెన్ విశ్వాసం పచ్చి అబద్ధమని చెప్పి ఉండేవాడు, ఆ మాట అనే హక్కు అతనికి ఉంది కూడా. 1788లో ఆ పుస్తకం చదివినవారు వేరే మాట చెప్పి ఉండేవారు. మారుమనస్సు ఒక్క రోజున జరిగిందని సాక్ష్యాలు చెప్పే మన అలవాటు, ఈ నలభై ఏళ్లకు చోటు ఇవ్వదు.

ఇదే తర్కాన్ని రెండో వైపు కూడా నడిపించాలి, లేకపోతే మోసం అవుతుంది. సాలూరులో కుష్ఠురోగులకు మిషన్ ఆసుపత్రి పెట్టి, ఇంటివారే ముట్టని పుండ్లకు కట్లు కట్టినవారిని చూపించి, “చూశారా, కాబట్టి మా విశ్వాసం నిజం” అనే అలవాటు మాకుంది. చెడ్డ విశ్వాసిని చూపించి విశ్వాసాన్ని కొట్టివేయకూడదంటే, మంచి విశ్వాసిని చూపించి దానిని రుజువు చేయడమూ కుదరదు. మేలు జరిగితే దేవుని పద్దులో, కీడు జరిగితే మనిషి పద్దులో రాసే లెక్కల పుస్తకాన్ని ఏ ఆడిటరూ ఆమోదించడు. ఆ కట్లు కట్టిన చేతులు ఆ విశ్వాసాన్ని ఒకసారి దగ్గరగా వచ్చి చూడమని పిలవగలవు. అంతకు మించి వాటి చేత సాక్ష్యం చెప్పించడం ఆ చేతులకే మర్యాద కాదు.

ఈ చిక్కు కొత్తది కాదు. 303లో రోమా చక్రవర్తి డయొక్లీషియన్ క్రైస్తవుల లేఖనాలను తగలబెట్టాలని ఆజ్ఞ ఇచ్చినప్పుడు, ప్రాణభయంతో కొందరు బిషప్పులు గ్రంథాలను అధికారులకు అప్పగించారు. హింస సద్దుమణిగాక ఉత్తర ఆఫ్రికాలో పెద్ద తగాదా వచ్చింది. లేఖనాలను అప్పగించిన ద్రోహి చేతి మీదుగా జరిగిన అభిషేకం చెల్లుతుందా, అటువంటివాడు ఇచ్చిన బాప్తిస్మం బాప్తిస్మమేనా అన్నది ప్రశ్న. చెల్లదన్నవారు దొనాతు అనే బిషప్పు పేరుతో వేరే సంఘంగా చీలిపోయారు. కొంతకాలం అక్కడ వారే అధిక సంఖ్యాకులు. వారిని చులకన చేయకూడదు. హింసలో నిలబడి దెబ్బలు తిన్నవారి వారసులు వారు. లొంగిపోయినవాడు మళ్లీ వచ్చి పీఠమెక్కితే కడుపు మండటం సహజం.

హిప్పో పట్టణపు బిషప్ అగస్టీన్ వారికి ఇచ్చిన జవాబు ఇప్పటికీ ఈ చర్చకు వెన్నెముక. బాప్తిస్మం ఇచ్చే చెయ్యి పేతురుదైనా, యూదాదైనా, బాప్తిస్మం మాత్రం క్రీస్తుదేనని ఆయన వాదించాడు. ఇచ్చేవాడి పవిత్రత మీద అది ఆధారపడితే, ఏ మనిషీ తాను పొందినది నిజమైనదో కాదో ఎన్నటికీ తెలుసుకోలేడు, ఎందుకంటే ఇంకొకరి హృదయం లోపల ఏముందో ఎవరికి తెలుసు? ఆమదాలవలస వితంతువు విషయంలో ఈ వాదనకు ఎంత బలముందో చూడండి. పెద్దాయన ప్రార్థిస్తుండగా ఆమె కార్చిన కన్నీళ్లు ఆయనవి కావు, ఆమెవి. ఆమె ప్రార్థించింది ఆయనకు కాదు. ఆయన దొంగ అయినందువల్ల ఆమె డబ్బు పోయింది. ఆమె ప్రార్థన కూడా పోయిందని చెప్పడం, ఆయన ఎత్తుకుపోని దానిని కూడా మనమే ఆయన సంచిలో వేయడమవుతుంది.

కాని అగస్టీన్ కథ అక్కడితో ఆగలేదు. 411లో కార్తేజులో ఇరు పక్షాల బిషప్పులు చెరి సుమారు 280 మంది కూడి వాదించుకున్నారు. తీర్పు దొనాతు పక్షానికి వ్యతిరేకంగా వచ్చింది, ప్రభుత్వ బలంతో వారిని అణచివేశారు, ఆ బలప్రయోగాన్ని అగస్టీన్ లేఖనాలు చూపి సమర్థించాడు. చెడ్డవారి చేతిలో కూడా కృప చెడదని అంత గొప్పగా చెప్పినవాడే ఆ మాటకు తానే ఒక ఉదాహరణగా మిగిలాడు. ఆయన వాదన సరైనదని నేను ఇప్పటికీ అనుకుంటాను, ఆయన చేసింది తప్పని కూడా అనుకుంటాను. ఈ రెండూ ఒకే బుర్రలో ఇమడవని ఎవరైనా అంటే, ఈ వ్యాసం మొదటి నుంచి చదవమంటాను.

ఆ సభలోనే తేలని మరో తగాదా మన సంఘాలకు నేరుగా పనికివస్తుంది. గోధుమల మధ్య గురుగుల ఉపమానాన్ని అగస్టీన్ పక్షం చూపించింది: కోతకాలం వరకు రెంటినీ కలిసి ఎదగనివ్వమన్నాడు కదా, సంఘంలోని చెడ్డవారిని ఇప్పుడే పెరికివేయడం దేనికని. దొనాతు పక్షం ఇచ్చిన జవాబు పదునైనది. పొలం లోకమని యేసే చెప్పాడు, పొలం సంఘమని చెప్పలేదు. వంశధార కింద వరి వేసే రైతులకు ఈ ఉపమానం వివరించనక్కర లేదు. ఊద గడ్డి చిన్నగా ఉన్నప్పుడు వరి మొక్కలాగే ఉంటుంది, తొందరపడి పీకితే వరి వేరు కూడా కదులుతుంది, వెన్ను వేశాక పిల్లలు కూడా గుర్తుపడతారు. కాని ఏ రైతూ వెన్ను వేసి కనబడుతున్న ఊదను “కోత దాకా ఉండనీ” అని వదలడు. చీటీ మోసం బయటపడ్డ తరువాత కూడా ఈ ఉపమానం చదివి “తీర్పు తీర్చకండి” అన్న పెద్దలు మా ప్రాంతంలోనే ఉన్నారు. కొరింథులో ఆ దుర్మార్గుణ్ణి మీలోనుండి వెలివేయండని రాసిన పౌలుకు వారు ఏం సమాధానం చెబుతారో!

కులం విషయంలో నాకు ఇంకా ఎక్కువ సిగ్గు కలుగుతుంది. ఒకే ఊళ్లో కులానికొక మందిరం, ఒకే బల్ల దగ్గర రొట్టె విరిచి పెళ్లి సంబంధం దగ్గరికి వచ్చేసరికి వెనకటి కులం అడిగే కుటుంబాలు మన రెండు జిల్లాల్లోనూ తెలియనివి కావు. ఇది క్రైస్తవ విశ్వాసపు ఫలమా, దాని వైఫల్యమా? గలతీయులకు రాసిన ఉత్తరం రెండో అధ్యాయంలో దీనికి ముందే ఒక తీర్పు ఉంది. అంతియొకయలో అన్యజనులతో కలిసి భోజనం చేస్తున్న పేతురు, యెరూషలేము నుంచి కొందరు యూదు విశ్వాసులు రాగానే వారికి భయపడి పంక్తి నుంచి లేచిపోయాడు. బర్నబా కూడా అతని వెంట లేచాడు. పౌలు అందరి ముందు, ముఖాముఖి, ఇది సువార్త సత్యానుసారమైన నడత కాదని పేతురును నిలదీశాడు. పంక్తి భేదం చూపించినవాడు అపొస్తలుల్లో మొదటివాడు. దానిని తప్పన్నది బయటి సంస్కర్త కాదు, అదే విశ్వాసం గల మరొకడు, అదే విశ్వాసం ఆధారంగా. ఇంకా విచిత్రం, ఆ అవమానాన్ని దాచకుండా లేఖనంగా భద్రపరిచారు. దావీదు రాజు ఊరియాను చంపించి అతని భార్యను తెచ్చుకున్న కథ కూడా అంతే. వెయ్యేళ్ల తరువాత మత్తయి యేసు వంశావళి రాస్తూ సొలొమోను తల్లి పేరు చెప్పవలసిన చోట “ఊరియా భార్య” అనే రాశాడు. కొత్త నిబంధన మొదటి పుట మీదనే హతుడైనవాడి పేరు ఉంది. తన వారి తప్పులు దొరికితే తాను అబద్ధమైపోతానని భయపడే మతం ఇలా రాసుకోదు.

ఇన్ని చెప్పాక, ఈ వాదనను ఎవరు చెబుతున్నారన్నది కూడా చూడాలి. “నా తప్పును చూసి విశ్వాసాన్ని నిందించకండి” అని తప్పు చేసినవాడే అంటే అది వాదన కాదు, తప్పించుకునే దారి. తప్పును నిలదీయడానికి ప్రవక్త నాతాను దావీదు దగ్గరికి వెళ్లాడు. దావీదు ఊరియా బంధువుల దగ్గరికి వెళ్లి దేవుడు మంచివాడని ప్రసంగించలేదు. చిన్నవారిలో ఒకరికి అభ్యంతరం కలిగించేవాడి మెడకు తిరుగటి రాయి కట్టి సముద్రంలో పడవేయడం మేలన్న యేసు మాటలో, అభ్యంతరపడిన చిన్నవాడి మీద ఒక్క నింద కూడా లేదు. మందిరం మానేసిన కుర్రవాణ్ణి “విశ్వాసంలో బలహీనుడు” అన్న మా పెద్దలు ఆ వాక్యం మళ్లీ చదవాలి.

విశ్వాసం లేనివారు ఈ ప్రశ్నను నిజాయితీగా ఎలా ఎదుర్కోవచ్చో చూడాలంటే గాంధీగారి ఆత్మకథలో ఒక చోటు ఉంది. 1893 ప్రాంతంలో, ప్రిటోరియాలో, ప్లిమత్ బ్రదరెన్ శాఖకు చెందిన ఒకాయన ఆయనతో వాదించాడు: మన పాపాలను యేసు మోశాడు కనుక పాపం చేయక తప్పని ఈ లోకంలో మనం దాని గురించి బాధపడనక్కర లేదని. తనకు కావలసింది పాప ఫలితం నుంచి విడుదల కాదు, పాపం నుంచే విడుదల అని గాంధీగారు జవాబిచ్చారు. ఆయన మనసు విరిగిపోతుందేమోనని కంగారుపడ్డ మిత్రుడు కోట్స్‌కు, ఒకరి వికృతమైన నమ్మకం వల్ల తనకు క్రైస్తవం మీద దురభిప్రాయం కలగదని ధైర్యం చెప్పారు. తన ఇబ్బందులు వేరని, అవి బైబిలు గురించి, దానికి చెప్పే అర్థం గురించి అని కూడా రాసుకున్నారు. (మన గోదావరి జిల్లాల్లోనూ బ్రదరెన్ సంఘాలు ఉన్నాయి, ఆ ఒక్కరి మాటను వారందరికీ అంటగట్టకూడదన్నది గాంధీగారి నుంచి నేర్చుకోవలసిందే.) ఆయన క్రైస్తవుడు కాలేదు. కాకపోవడానికి ఆయన దగ్గర ఉన్న కారణాలు అసలు విషయానికి సంబంధించినవి. నమ్మకపోతే అలా నమ్మకపోవాలని నేను కోరుకుంటాను.

నా విద్యార్థికి ఇదంతా ఒకేసారి చెప్పలేదు. చెప్పినంతలో అతను ఒక్కటే అడిగాడు: “జక్కయ్య కథలో డబ్బు తిరిగి ఇచ్చింది ముందా, రక్షణ వచ్చిందన్నది ముందా మాస్టారూ?” లూకా పంతొమ్మిదో అధ్యాయం తీసి చూపించాను. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానని సుంకం వసూలు చేసే జక్కయ్య అన్నది ఎనిమిదో వచనంలో, ఈ ఇంటికి రక్షణ వచ్చిందని యేసు అన్నది తొమ్మిదో వచనంలో. అతను పుస్తకం మూసి ఇచ్చేసి వెళ్లిపోయాడు.

పెద్దాయన ఆచూకీ ఇప్పటికీ దొరకలేదు. నిరుడు సంఘ కమిటీ కూర్చొని, మనం ఆయన్ను పెద్దగా నిలబెట్టబట్టే ఆ ముగ్గురూ నమ్మారు కాబట్టి ఆ బాకీలో మనకూ పాలుందని తీర్మానించి, క్రిస్మస్ అలంకరణకు, విందుకు దాచిన సొమ్ముతో మొదలుపెట్టి వాయిదాల మీద చెల్లించడం ప్రారంభించింది. నలుగురైదుగురు దీనిని గట్టిగానే వ్యతిరేకించారు, ఒక కుటుంబం సంఘం మారిపోయింది. ఆ కుర్రవాడు ఇంకా మందిరానికి రావడం లేదు. మొదటి వాయిదా ముట్టినప్పుడు వాళ్లమ్మ రసీదు మీద వేలిముద్ర వేసింది. దాని కింద సాక్షి సంతకం అతను చేశాడు.